పెద్దవారి చూపుకు తగినట్లు ఇంట్లో ఎల్‌ఈడీ దీపాలు అమర్చుకోవడం

ఇంట్లో పెద్దవారు దీపం వెలుగు చాలడం లేదని చెప్పినప్పుడు సాధారణంగా గోడ మీది ట్యూబ్‌లైటు తీసి, ఎక్కువ వాట్లది బిగిస్తాము. ఆ మరునాడే వారు కళ్లు జిగేలుమంటున్నాయని అంటే అది చాదస్తంగా తోస్తుంది. నిజానికి ఆ రెండు మాటలూ సరైనవే. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదై, మసక వెలుగులో కూడా మునుపటిలా విచ్చుకోదు. దాని వెనుక ఉన్న కటకం పసుపుబారి, మందమవుతుంది. అందువల్ల అరవై ఏళ్ల వ్యక్తి రెటీనాకు, అంటే కంటి వెనుక బొమ్మ పడే తెరకు, చేరే వెలుగు, ఇరవై ఏళ్ల వ్యక్తికి చేరే దానిలో సుమారు మూడో వంతు మాత్రమే. అదే కటకం లోపలికి వచ్చిన వెలుగును చెదరగొడుతుంది కూడా కనుక, ఎదురుగా ఉన్న దీపం చూపు మీద తెల్లని పొర కప్పినట్లు చేస్తుంది. కాబట్టి చూడవలసిన వస్తువు మీద వెలుగు దండిగా పడాలి. ఆ వెలుగునిచ్చే దీపం మాత్రం కంటికి నేరుగా కనబడకూడదు.

ఏదైనా కొనడానికి ముందు, చీకటి పడిన తరువాత దీపాలన్నీ వేసి, పెద్దవారు రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుని, వారు పడుకునే మంచం మీద పడుకుని చూడండి. ఫాల్స్ సీలింగులోని చిన్న గుండ్రని లైట్లు వెల్లకిలా పడుకున్నవారి కళ్లలో సూటిగా గుచ్చుకుంటాయన్న సంగతి నిలబడి చూసేవారికి తట్టదు. మెరుగుపెట్టిన గ్రానైటు నేల మీద వాటి ప్రతిబింబం నీళ్లు ఒలికినట్లు కనిపించి, అడుగు వేయడానికి జంకేలా చేస్తుంది. ఇలాంటి చోట దీపాన్ని పక్కకు జరపడం, పాలవన్నె మూత ఉన్నది ఎంచుకోవడం, లేదా స్ట్రిప్ లైటును తెల్లని పైకప్పు వైపు తిప్పి, తిరిగివచ్చే వెలుగునే వాడుకోవడం మేలు.

ఎంత వెలుగు అవసరమో లెక్క వేసేటప్పుడు అట్టపెట్టె మీద వాట్లను కాక ల్యూమెన్లను, అంటే దీపం ఇచ్చే మొత్తం వెలుగు కొలతను, చూడాలి. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గది వైశాల్యం సుమారు 11 చదరపు మీటర్లు. అందులో 2,000 ల్యూమెన్ల ట్యూబ్‌లైటు ఒక్కటే ఉండి, సగం వెలుగును గోడలు, సామాను మింగేస్తే, మిగిలేది సుమారు 90 లక్స్, అంటే ఒక్కో చదరపు మీటరు మీద పడేది 90 ల్యూమెన్లు. నడవడానికి అది సరిపోవచ్చు గాని, పంచాంగంలోని సన్నని అక్షరాలు చదవడానికి చాలదు. ఒకే పెద్ద దీపానికి బదులు రెండు మూడు ఓ మోస్తరు దీపాలను వేర్వేరు మూలల్లో అమర్చితే నీడలు పలచబడతాయి.

అయితే చదువుకు, కుట్టుపనికి, బియ్యంలో రాళ్లు ఏరడానికి కావలసిన వెలుగును పైకప్పు నుంచి రప్పించాలనుకోవడం వృథా ప్రయాస. బల్బును రెండు మీటర్ల దూరం నుంచి అర మీటరు దూరానికి తెస్తే, దాని నుంచి నేరుగా పడే వెలుగు పదహారు రెట్లవుతుంది. అందుచేత తొమ్మిది వాట్ల బల్బు ఉన్న, మెడ వంచుకోగల టేబుల్ ల్యాంపే అన్నిటికన్నా లాభసాటి కొనుగోలు. కుడిచేతి వాటం వారికి దాన్ని ఎడమ పక్కన, కొద్దిగా వెనుకగా ఉంచాలి. దాని డొప్ప అంచు కూర్చున్నవారి కంటి మట్టానికి దిగువన ఉండాలి. మాత్రల అట్ట మీద అచ్చొత్తిన గడువు తేదీ ఎదురు వెలుగులో మెరిసిపోయి కనబడదు; వెలుగు ఏటవాలుగా పడితే అంకెలు నీడతో తేలి కనిపిస్తాయి. వంటింట్లో దీపం వెనుక గోడకు ఉంటే, వండేవారి నీడ కూరలు తరిగే చోటే పడుతుంది. పై అరల అడుగున, ముందు అంచుకు దగ్గరగా ఒక స్ట్రిప్ లైటు అంటిస్తే ఆ చిక్కు తీరుతుంది.

వెలుగు ఛాయను కెల్విన్లలో చెబుతారు; ఆ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపు మొగ్గుతుంది. రంగు విషయంలో మన బజారు అలవాటు 6,500 కెల్విన్ల నీలిఛాయ తెలుపు. పసుపుబారిన కటకం నీలి వెలుగును చాలావరకు అడ్డుకుంటుంది, కంటిలో ఎక్కువగా చెదిరేది కూడా అదే. కనుక కూర్చునే గదికి 3,000, పనిచేసే చోటికి 4,000 కెల్విన్లు నా ఎంపిక. దీపం కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్‌ఐ అనే అంకె 90 లేదా అంతకు మించి ఉంటే ముదురు నీలం, నలుపు వంటి దగ్గరి రంగుల తేడా కొంత తేలికగా తెలుస్తుంది. శుక్లాల ఆపరేషన్ జరగబోతున్నట్లయితే ఈ ఎంపికను వాయిదా వేయండి. కొత్త కటకంతో చూసినప్పుడు అదే గది హఠాత్తుగా తెల్లగా, నీలంగా కనిపించడం మామూలే.

రాత్రి వేళ లెక్క తారుమారవుతుంది. వెలుగులోంచి చీకటిలోకి వెళ్లినప్పుడు సర్దుకోవడానికి పెద్దవారి కంటికి చాలా సేపు పడుతుంది. అలాగని అర్ధరాత్రి పెద్ద దీపం వేస్తే కళ్లు చెదరడంతో పాటు నిద్ర కూడా తేలిపోతుంది. మంచం నుంచి బాత్రూము దాకా, మోకాలి ఎత్తుకు దిగువన, కదలికను పసిగట్టి వెలిగే సన్నని పసుపు దీపాలను, మధ్యలో చీకటి మిగలకుండా అమర్చాలి. మెట్లు ఉంటే ప్రతి మెట్టు అంచునా నేల రంగుకు పూర్తిగా భిన్నమైన పట్టీ అంటించాలి, ఎందుకంటే అన్ని మెట్లూ ఒకే రంగులో ఉంటే ఎంత వెలుగున్నా అంచు ఎక్కడో తెలియదు.

నాసిరకం ఎల్‌ఈడీలు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు వందసార్లు మినుకుమంటూ కొందరికి తలనొప్పి తెస్తాయి. దుకాణంలోనే వెలిగించి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే ఆ మినుకు చారలుగానో, వణుకుగానో బయటపడుతుంది. వెలుగు తగ్గించే డిమ్మర్ పెట్టుకుంటే, దానికి పనికివస్తుందని పెట్టె మీద రాసి ఉన్న బల్బునే కొనాలి. ఇంత అమర్చిన తరువాత కూడా దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయని, గీతలు వంకరగా తోస్తున్నాయని వారు చెబితే, ముందుగా కంటి వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి.