మెత్తని లోహాలకు డ్రిల్ స్పీడు: ముందు తురుము చూడండి, తర్వాత బెల్టు

భీమవరం చుట్టుపక్కల మా పని ఎక్కువగా మూడు లోహాలతోనే. ఇంటి కిటికీల అల్యూమినియం, అజ్జరం ఇత్తడి సామాను, రొయ్యల చెరువుల దగ్గర ప్యానెల్ బోర్డుల్లో రాగి పట్టీలు. మూడూ ఇనుము కంటే మెత్తనివే. కానీ ఇనుముకు పెట్టిన స్పీడుతోనే వీటికీ చిల్లు పెడితే ఒక్కోటి ఒక్కో రకంగా ఇబ్బంది పెడుతుంది.

అల్యూమినియం బిట్‌కి అతుక్కుపోతోంది

బిట్ గాడి అల్యూమినియంతో తళతళలాడుతూ నిండిపోతుంది, ఆపైన ఎంత నొక్కినా బిట్ దిగదు. వేడెక్కిందనుకుని చాలామంది స్పీడు తగ్గించి ఇంకా గట్టిగా నొక్కుతారు. అక్కడే పని చెడుతుంది. అంచు కోయడం మాని రుద్దుతోంది, నూనె తడి లేకుండా రుద్దుకున్న అల్యూమినియం ఆ అంచుకే పేరుకుంటోంది.

బిట్ తీసి ఆ ముద్దను గీకేయండి. కిరసనాయిలు కుంచెతో రెండు చుక్కలు అద్దండి. చేతి డ్రిల్ మోటారులో నిప్పురవ్వలు లేస్తాయి కాబట్టి సీసా దూరంగా ఉంచండి. తర్వాత స్పీడు పెంచండి: 10 మి.మీ. హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) బిట్‌కి నిమిషానికి సుమారు 1900 చుట్లు, 6 మి.మీ. బిట్‌కి 3000 పైచిలుకు. మామూలు ఇనుముకైతే 10 మి.మీ. బిట్‌కి 800 చాలు. బెంచ్ డ్రిల్‌లో మోటారు వైపు పెద్ద పుల్లీ, బిట్ వైపు చిన్న పుల్లీ వచ్చేలా బెల్టు మార్చాలి. రెండు మూడు మి.మీ. దిగినప్పుడల్లా పైకి లాగి తురుము రాలనివ్వండి.

ఇత్తడి ఒక్కసారిగా లాక్కుంటోంది

ఇది ప్రమాదం. బిట్ అవతలికి తేలే క్షణంలో స్క్రూలా లోపలికి దిగిపోతుంది. ఓసారి ఇత్తడి పళ్లేన్ని చేత్తో పట్టుకుని చిల్లు పెడుతుంటే గిర్రున తిరిగి నా అరచెయ్యి కోసేసింది. దీనికి అసలు కారణం స్పీడు కాదు, బిట్ అంచు మరీ పదునుగా లోపలికి వాలి ఉండడం.

బిట్ రెండు కోత అంచుల మీద, గాడి వైపు, ఆయిల్ స్టోన్‌ని (పదును పెట్టే రాయి) బిట్ పొడవునా నిలువుగా పెట్టి నాలుగైదు సార్లు తేలిగ్గా రుద్దండి. వెలుతురులో తిప్పి చూస్తే అంచు వెంట వెంట్రుకంత మెరిసే గీత కనిపించాలి. అప్పుడు బిట్ లాక్కోదు, ఇత్తడి రవ్వలా రాలుతుంది. 10 మి.మీ. బిట్‌కి 1400 చుట్లు సరిపోతాయి, నూనె అక్కర్లేదు. సామాను వైస్‌లో బిగించే చెయ్యండి. ఆ బిట్‌కి రంగు పూసి ఇత్తడికే ఉంచుకోండి.

రాగి కీచుమంటోంది, చిల్లు వదులవుతోంది

బిట్ పదును పోయి మొండిబారింది. కొత్తగా పదును పట్టి, 10 మి.మీ. అయితే 1000 చుట్లకు దించి, సబ్బు నీళ్లు గానీ నూనె గానీ పోస్తూ చిల్లు పెట్టండి. కరెంటు ఆపి, పట్టీని బోర్డు నుంచి విప్పి బయటే ఈ పని చెయ్యాలి. చిల్లు అంచున లేచిన ముళ్లు ఆకురాయితో తీసేయండి. అవి ఉంటే బోల్టు కింద లగ్గు (వైరు చివర బిగించే లోహపు బిళ్ల) చదునుగా కూర్చోదు, కూర్చోని చోట చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లన్నీ ఆన్ అయ్యాక పట్టీ కాలుతుంది.