చిన్న పైసల కేసు వాపస్ తీస్కోవాలంటే: ముందు పైసలు, తర్వాతే మెమో

ఇంటి అడ్వాన్స్ తిరిగివ్వని ఓనర్ మీదో, చేబదులు తీస్కుని ఫోన్ ఎత్తడం మానేసినోడి మీదో హైదరాబాద్‌లో చిన్న పైసల కేసులు చూసే స్మాల్ కాజెస్ కోర్టుకి వెళ్లినోళ్లలో చాలామందికి మధ్యలో ఒక ఫోన్ వస్తది, "కూర్చుని మాట్లాడుకుందాం, కేసు వాపస్ తీస్కో" అని. నాకూ వచ్చింది. 40 వేల అడ్వాన్స్ ఆపేసిన మా పాత ఓనర్ వాయిదాకి రెండ్రోజుల ముందు చెక్కు పట్టుకుని ఇంటికే వచ్చి, రేపే మెమో (కేసు వాపస్ తీస్కుంటున్నామని కోర్టుకిచ్చే కాగితం) వేసేయండి అన్నాడు. నేను సరే అనేదాన్నే, మా లాయర్ మేడమ్ ఆపింది, "అకౌంట్‌లో పడనీ, అప్పటిదాకా ఇది కాగితమే" అని. ఆ వాయిదాకి టైమ్ అడిగింది, ఆ చెక్కు కాస్తా బౌన్స్ అయింది. ఆ రోజు మెమో వేసుంటే నా చేతిలో ఏం మిగిలేది కాదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

పైసలు వచ్చేశాయి కదా అని కోర్టుకి వెళ్లడం మాత్రం మానేయకండి. వాయిదాకి మీరు రాకుండా అవతలివాళ్లు వస్తే కేసు డిస్మిస్ అయిపోద్ది, సివిల్ కేసులు ఎలా నడవాలో చెప్పే చట్టం సీపీసీలోని ఆర్డర్ 9 అనే భాగం ప్రకారం అదే కారణం మీద మళ్లీ కొత్త కేసు వేయడానికి ఉండదు, సరైన కారణం చూపించి పాతదాన్నే రెస్టోర్ చేయించుకోవాలి. ఇద్దరూ రాకపోతే అది వేరే సంగతి.

ఇక అసలు రూల్ అదే సీపీసీలోని ఆర్డర్ 23. కేసు వేసినవాళ్లు ఎప్పుడైనా వదిలేసుకోవచ్చు, కానీ ఎలా వదులుతున్నారన్నదే ముఖ్యం. ఊరికే "విత్‌డ్రా చేసుకుంటున్నా" అని మెమో ఇస్తే అదే విషయం మీద మళ్లీ దావా కుదరదు, పైగా అవతలివాళ్ల ఖర్చులు కట్టమని కోర్టు అనొచ్చు. కేసులో ఏదో టెక్నికల్ లోపం ఉంది, సరిచేసి మళ్లీ వేద్దామనుకుంటే మాత్రం మామూలు మెమో సరిపోదు, అఫిడవిట్‌తో ఐఏ (కేసు నడుస్తుండగా వేసే అర్జీ) వేసి, మళ్లీ దావా వేసుకునే లిబర్టీ కావాలని అడగాలి, జడ్జిగారు ఆర్డర్‌లో ఆ మాట రాయాలి. రాసినా లిమిటేషన్ (కేసు వేయడానికి ఉండే గడువు) ఆగదు, మొదటి కేసు అసలు వేయనట్టే లెక్క, అప్పు కేసుకి 3 ఏళ్లు దాటిపోయుంటే ఆ లిబర్టీతో ఏం చేస్కుంటాం చెప్పండి. మీతోపాటు ఇంకొకరు కూడా వాది అయితే వాళ్లు ఒప్పుకోకుండా మీరొక్కరే మొత్తం కేసు విత్‌డ్రా చేయలేరు.

అవతలివాళ్లు నెలనెలా కడతాం అంటే విత్‌డ్రా జోలికే వెళ్లొద్దు, నా మాట వినండి. ఎంత, ఏ తారీకుకి, తప్పితే ఏంటి అన్నీ కాగితం మీద పెట్టి, ఇద్దరూ సంతకాలు చేసి, అదే ఆర్డర్ 23 రూల్ 3 కింద కాంప్రమైజ్‌గా రికార్డ్ చేయించండి. దాని మీద డిక్రీ (కోర్టు తుది ఆదేశం) వస్తది, కిస్తీ ఎగ్గొడితే మళ్లీ మొదట్నించీ కాకుండా నేరుగా ఈపీ (డిక్రీని అమలు చేయించమనే పిటిషన్) వేస్కోవచ్చు. లేదంటే లోక్ అదాలత్‌కి పంపమని అడగండి, అక్కడి అవార్డు కూడా డిక్రీతో సమానమే, అప్పీల్ ఉండదు, 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 21 ప్రకారం కట్టిన కోర్టు ఫీజు కూడా వాపస్ వస్తది.

మెమోలో కేసు నంబర్, సంవత్సరం, రెండు పక్షాల పేర్లు, ఎందుకు వాపస్ తీస్కుంటున్నారో రెండు లైన్లు, మీ సంతకం, లాయర్ సంతకం ఉంటే చాలు. మాకు పైసలు ట్రాన్స్‌ఫర్‌లో వచ్చాక ఆ తారీకు, యూటీఆర్ నంబర్ (బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌కి వచ్చే రిఫరెన్స్ నంబర్) కూడా మేడమ్ రాయించింది. పేరు పిలిచాక లేచి నిలబడ్డా, ఇష్టపూర్వకంగానేనా అని జడ్జిగారు అడిగారు, అవునన్నా, అంతే. అన్ని నెలలు తిరిగింది రెండు నిమిషాల్లో అయిపోయింది.

తర్వాత ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబర్ (ప్రతి కేసుకీ ఉండే ప్రత్యేక నంబర్) కొట్టి కేసు డిస్పోజ్ అయినట్టు పడిందో లేదో చూస్కోండి, ఆర్డర్ సర్టిఫైడ్ కాపీకి అప్లై చేయండి. ఫైల్‌లో ఒరిజినల్ రెంటల్ అగ్రిమెంటో, ప్రామిసరీ నోటో ఉంటే దాన్ని వాపస్ ఇవ్వమని విడిగా పిటిషన్ వేయాలి, అడక్కపోతే అది ఆ ఫైల్‌లోనే ఉండిపోద్ది.