ఇంట్లో ఆటల గది – మూడవ పాఠం: కొలతలు, వెలుగు, నేల

గత పాఠంలో ఇంటిల్లిపాదీ నిజంగా ఆడే ఆటలేవో తేల్చుకుని జాబితా రాసుకున్నాం గనుక, ఇప్పుడు ఆ జాబితాను గదితో సరిచూసుకోవాలి. చాలామంది బల్లను కొలిచి ఊరుకుంటారు. ఆడేవాళ్లు మెదిలే చోటును కూడా కలిపి కొలిస్తేనే లెక్క కుదురుతుంది.

ముందుగా క్యారమ్. రెండుసార్లు ప్రపంచ విజేతగా నిలిచి, 1996లో అర్జున అవార్డు అందుకున్న మరియ ఇరుదయం ఊరు చెన్నై; ఈ ఊళ్లో ఆటల గది అంటూ ఉంటే అందులో క్యారమ్ బోర్డు ఉండి తీరాలన్నది నా పక్షపాతం. పోటీల బోర్డులో ఆడే భాగం 74 సెంటీమీటర్ల చదరం. చట్రంతో కలిపితే ఇంచుమించు 3 అడుగులు. స్టూలుకూ, మోకాళ్లకూ, వెనక నుంచి ఒకరు నడిచి వెళ్లడానికీ ప్రతి వైపు మరో 3 అడుగులు వదలాలి. అంటే మొత్తం 9 అడుగుల చదరం. వేళచ్చేరిలోనో పెరంబూరులోనో ఉన్న ఫ్లాటులో 10 అడుగుల పడకగదికి ఇది సరిపోతుంది, బీరువాను బయటికి పంపితే.

టేబుల్ టెన్నిస్ బల్ల పొడవు 2.74 మీటర్లు, వెడల్పు 1.525 మీటర్లు. రెండు చివరలా కనీసం 5 అడుగులైనా లేకపోతే ఆట సాగదు గనుక, పొడవాటి హాలు లేనివారు దీని జోలికి పోకపోవడమే మంచిది. చిన్న బాణాలను గురిచూసి విసిరే డార్ట్స్ ఆటలో బోర్డు నడిబొడ్డు నేల నుంచి 1.73 మీటర్ల ఎత్తున ఉండాలి; బోర్డు ముఖం నుంచి 2.37 మీటర్ల దూరంలో నిలబడి విసరాలి. ఆ దారిలోకి తెరుచుకునే తలుపు మాత్రం ఉండకూడదు.

అసలు చిక్కు వెలుగుతో వస్తుంది. క్యారమ్ బోర్డుకు దీపం సరిగ్గా నడినెత్తిన ఉండాలి. గోడమీది ట్యూబులైటైతే ఆడేవాడి చేతినీడ స్ట్రైకరు మీద పడుతుంది. కానీ మన ఇళ్లలో కప్పు నడుమ చోటు ఫ్యానుది. దీపాన్ని రెక్కలకంటే పైన బిగిస్తే తిరిగే రెక్కల నీడలు బోర్డు మీద కదలాడుతూ ఐదు నిమిషాల్లో కళ్లు లాగుతాయి. చెన్నై ఎండల్లో ఫ్యాను వద్దనుకోవడం కుదరని పని. కాబట్టి కప్పు ఫ్యాను తీసేసి రెండు గోడఫ్యాన్లు పెట్టించి, నడుమ గొడుగున్న దీపాన్ని వేలాడదీయండి. గోడఫ్యాను గాలి బోర్డుకు తిన్నగా తగలకూడదు; తగిలితే పౌడరంతా ఒక మూలకు చేరుతుంది, పేకముక్కలు లేచిపోతాయి.

గోడలకు మెరుపులేని లేత రంగు వేయించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు బయటి గోడ చెమ్మగిల్లుతుంది గనుక, రంగు పని ఆ తరవాతే పెట్టుకోవాలి. బోర్డును ఆ గోడకు చేరవేసి నిలబెడితే ప్లైవుడ్ వంగిపోతుంది. లోపలి గోడ వైపు ఉంచండి. అలంకారానికి నా సలహా ఒకటే: చెక్కపలక మీద పులిజూదం గీతలు గీయించి గోడకు తగిలించండి. కావాలన్నప్పుడు దించి చాప మీద పరిస్తే, 3 పులులు, 15 మేకలతో ఆట సిద్ధం.

ఇక నేల. టైల్స్ మీద స్టూళ్లు జరిగితే కింది ఇంటివారు పైకి వస్తారు. కాళ్లకు మందపాటి ఫెల్టు ముక్కలు అంటించండి. బోర్డు మీద రసమట్టాన్ని (ఎత్తుపల్లాలు చూపే, బుడగ ఉన్న పనిముట్టు) నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి చూడండి. బుడగ నడిమికి రాకపోతే, పల్లంగా ఉన్న వైపు స్టాండు కాలికింద అట్టముక్క మడిచి పెట్టండి.

ఈ వారం అభ్యాసం: ఆటబల్ల కొలతకు పాత పేపర్లు కత్తిరించి గదిలో పరిచి, చుట్టూ స్టూళ్లు వేసి, నలుగురిని కూర్చోబెట్టండి. ఎవరి మోచేయి గోడకు తగిలిందో, తలుపు ఎక్కడ అడ్డం వచ్చిందో రాసిపెట్టుకోండి. అరలు, పెట్టెల అమరికను వచ్చే పాఠంలో ఆ కాగితం చూస్తూనే నిర్ణయిస్తాం.