"ఇంకొక్కటే" అనకండి: తీరంలో శాంప్లింగ్‌కు వెళ్ళేవాళ్ళకు జాగ్రత్తలు

పోయిన అమావాస్య వెళ్ళిన రెండో రోజు, విశాఖపట్నంలో రుషికొండ దాటాక వచ్చే రాళ్ళ దగ్గర ఒక ప్రాజెక్ట్ అసిస్టెంట్ అమ్మాయిని అల కొట్టేసింది. కుడి మణికట్టు విరిగింది. మోకాళ్ళు రెండూ ఆల్చిప్పలకు కోసుకుపోయాయి. పక్కన వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు ఇద్దరు వెంటనే దిగి లాగారు కాబట్టి ప్రాణాలతో ఉంది. హాస్పిటల్‌కి చూడటానికి వెళ్తే ఆ పిల్ల మొదట అన్న మాట, "ఒక్క క్వాడ్రాటే మిగిలింది అన్నా, అది చేసి వచ్చేద్దామనుకున్నాను." క్వాడ్రాట్ అంటే రాయి మీద పెట్టి, లోపల ఉన్న జీవుల్ని లెక్కపెట్టే చదరపు ఫ్రేము.

ఈ మాట నాకు కొత్త కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఈ తీరం మీద పరిశోధన కోసం నీళ్ళ, బురద, జీవుల శాంపిళ్ళు తీస్తున్నాను, ల్యాబ్‌లో సీసాలు సర్దుతున్నాను. నేను దగ్గరగా చూసిన పెద్ద ప్రమాదాలన్నిటి వెనకా ఈ మాటే ఉంది. ఈత రాకపోవడమో, పరికరం పాడవడమో కాదు. "ఇంకొక్కటే" అనుకోవడం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ ఈ ఊరి మీదికి వచ్చింది అక్టోబరు 12న. సరిగ్గా ఈ నెలల్లోనే వానాకాలం తర్వాతి శాంప్లింగ్ కోసం కొత్తగా చేరిన పిల్లలు రాళ్ళ మీదికి, గెడ్డల్లోకి (వాగుల్లోకి) దిగుతారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. లైఫ్ జాకెట్, గ్లోవ్స్, టోపీ, మంచినీళ్ళ సంగతి మీకు ఎవరైనా చెప్తారు. నేను చెప్పను.

నీరు తిరిగే లెక్క

ఆటు పూర్తయి నీరు మళ్ళీ పోటుకు ఎక్కడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. కానీ ఆ ఆరు గంటలూ ఒకే వేగంతో ఎక్కదు. మొత్తం ఎత్తును పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో ఎక్కేది ఒక్క భాగం, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మూడు, తర్వాత మళ్ళీ రెండు, ఒకటి. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో తేడా 1.4 మీటర్లు అనుకోండి. మొదటి గంటలో పెరిగేది 12 సెంటీమీటర్లే. రెండో గంటలో 23. మూడో గంటకు 35.

మనిషిని ముంచేది ఆ మొదటి గంటే. నీరు తిరిగిన సంగతి కంటికి కనిపించదు. పాదం దగ్గర తడి కాస్త పెరిగినట్టు ఉంటుంది, అంతే. "టైముంది, ఇంకొక్కటి చేద్దాం" అనిపిస్తుంది. ఆ ఒక్కటీ పూర్తయ్యేలోగా, మీరు వచ్చిన దారిలో పల్లంగా ఉన్న సందు ముందు నిండిపోతుంది. మీరు నిలబడ్డ రాయి పొడిగానే ఉంటుంది, వెనక్కి వచ్చే దారి మాత్రం ఉండదు. అప్పుడు కంగారుగా పాకుడు రాళ్ళ మీద పరిగెడతారు. ఆకుపచ్చగా ఉల్వా అనే నాచు పట్టిన రాయి మీద ఏ చెప్పూ ఆగదు.

కాబట్టి నియమం ఇది. టైడ్ టేబుల్‌లో, అంటే ఆటుపోట్ల పట్టికలో, ఆటు ఎన్ని గంటలకని ఉందో దానికి రెండు గంటల ముందు దిగండి. ఆటు టైము కాగానే అట్టడుగు స్టేషన్ (శాంపిల్ తీసే చోటు) వదిలేయండి. పని అయిందా లేదా అని చూడొద్దు.

ఆలస్యంగా చేరుకున్నారా? పై స్టేషన్లు వదిలేసి నేరుగా కిందికి వెళ్ళండి. పైవి తిరిగి వస్తూ చేసుకోవచ్చు. చాలామంది అలవాటుగా పైనుంచి వరసగా చేసుకుంటూ దిగుతారు. అలా చేస్తే ఆలస్యమైన రోజున చివరికి మిగిలేది అన్నిటికన్నా ప్రమాదమైన స్టేషనే. ఆ అమ్మాయి విషయంలో జరిగింది ఇదే.

చేయలేకపోయినదాన్ని షీటులో ఖాళీగా వదిలి, పక్కన "నీరు తిరిగింది" అని రాసి టైము వేయండి. రెప్లికేట్లు (ఒకే స్టేషన్‌లో మళ్ళీ మళ్ళీ తీసే శాంపిళ్ళు) సమానంగా లేకపోయినా లెక్కలు చేసే పద్ధతులు ఉన్నాయి. ఖాళీ గడికి మిమ్మల్ని ఏ రీసెర్చ్ గైడూ తిట్టకూడదు. తిడితే ఆ తిట్టు పడండి, కిందికి మాత్రం దిగకండి.

ఇంకొకటి. టైడ్ టేబుల్ చెప్పేది సూర్యచంద్రుల లెక్క ఒక్కటే. అల్పపీడనం ఉన్నా, గాలి ఒడ్డు వైపు తోస్తున్నా నీరు ఆ అంకె కన్నా పైకి వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకపోయినా ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను రేపిన అలలు కొన్ని రోజులకు మన ఒడ్డును తాకుతాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది. ముందురోజు రాత్రి ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి చూడండి. ఒడ్డుకు వెళ్ళాక పదిహేను నిమిషాలు ఏమీ చేయకుండా నిలబడి అలల్ని చూడండి. అన్నిటికన్నా పెద్ద అల ఏ రాయి దాకా తడుపుతోందో గుర్తు పెట్టుకుని, దానికి పైన బ్యాగులు పెట్టండి. ఆ పదిహేను నిమిషాలు దండగ అనుకునేవాళ్ళతో నేను ఫీల్డుకు వెళ్ళను.

గుంపులో ఒకరికి సముద్రం చూడటమే పని. ఆ మనిషి చేతిలో నోట్‌బుక్ ఉండకూడదు, ఫోన్ ఉండకూడదు. "రండి" అంటే ప్రొఫెసర్ గారైనా సరే రావాలి. దగ్గర్లో జాలర్లుంటే వాళ్ళ మాటా అంతే. "నీలు తిరిగిపోనాయి బాబూ, వచ్చీయండి" అని ఎవరైనా కేక వేస్తే మీ టేబుల్‌లో ఇంకా ఇరవై నిమిషాలు ఉన్నా వచ్చేయండి. ఆ నీళ్ళ మీద బతికేవాళ్ళు వాళ్ళు.

బురదలో

భీమిలి దగ్గర గోస్తనీ కలిసే చోట, మేఘాద్రి గెడ్డ వైపు బురద వేరు, రాళ్ళు వేరు. కొన్నేళ్ళ కిందట గోస్తనీ బురదలో మాతో వచ్చిన ఒక కుర్రాడు చివరి కోర్ (ట్యూబు గుచ్చి తీసే బురద శాంపిల్) కోసం నాలుగడుగులు ముందుకు వేశాడు. తొడల దాకా దిగిపోయాడు. కోర్ ట్యూబు వదల్లేదు. మేం ప్లైవుడ్ పలకలు వేసి అతన్ని లాగేసరికి నీరు నడుము దాటింది. ఆ రోజు అందరికీ ఏడుపొచ్చింది.

దిగిపోతే కాలు నిటారుగా పైకి లాగొద్దు, బురద ఇంకా గట్టిగా పట్టేస్తుంది. వెనక్కి వాలి బరువు పరచండి, పాదాన్ని అటూ ఇటూ కదిపి నీరు లోపలికి పోనివ్వండి. గమ్‌బూటు రాకపోతే బూటు వదిలేసి కాలు తీసుకోండి. ట్యూబు కూడా వదిలేయండి.

మురుగు కలిసే నీళ్ళలో చిన్న కోతను కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ఉప్పునీటిలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది. షుగరు, లివరు జబ్బు ఉన్నవాళ్ళకు కోత చుట్టూ ఎరుపు గంటల్లో పాకుతుంది, బొబ్బలు వస్తాయి. రేపు చూద్దాం అనుకోవద్దు. డాక్టరుకు "సముద్రపు నీళ్ళలో కోసుకుంది" అని మీరే చెప్పండి. ఆయన అడగకపోవచ్చు.

ల్యాబ్‌లో

ఇక్కడా అదే తప్పు. తెల్లారుజామున లేచి, ఎండలో పనిచేసి, రాత్రి ఎనిమిదికి ల్యాబ్‌కి వచ్చి "ఇంకొక్క సీసా ఫిక్స్ చేసేసి పోదాం" అంటారు. ఫిక్స్ చేయడం అంటే శాంపిల్ పాడవకుండా ఫార్మలిన్ కలపడం. అలాంటి ఒక రాత్రి చివరి సీసాకు కళ్ళద్దాలు తీసేసిన మనిషి కంట్లో ఫార్మలిన్ చిమ్మింది. అంతకుముందు ఇరవై సీసాలకు అద్దాలు ఉన్నాయి.

షాపులో దొరికే ఫార్మలిన్‌లో 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. అది మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని తేలిన పదార్థాల్లో ఒకటి. వాసన అలవాటైపోయింది అంటున్నారంటే మీ ముక్కు పనిచేయడం మానేసిందని అర్థం, గాలి బాగుందని కాదు. ఓపిక లేని రాత్రి ఆ సీసాలు ముట్టుకోవద్దు. ప్లాంక్టన్‌ను (నీళ్ళలో తేలే చిన్న జీవుల్ని) వెంటనే ఫిక్స్ చేయాల్సిందే కాబట్టి ఆ పని ఒడ్డునే, గాలి వాలు చూసుకుని, ఓపిక ఉండగానే ముగించండి. ల్యాబ్‌కి వచ్చాక లేబుళ్ళు సరిచూసి మూత బిగించి ఇంటికి వెళ్ళండి.

మంచినీళ్ళ బాటిల్లో ఫార్మలిన్ పోయొద్దు. ఒక్క రోజుకైనా, లేబుల్ అంటించినా పోయొద్దు. చూడటానికి నీళ్ళలాగే ఉంటుంది, దాహం వేసినవాడు లేబుల్ చదవడు.

నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలవడానికి వాడే ఆల్కలైన్ అయొడైడ్ చేతి మీద పడితే సబ్బులా జారుతుంది, మంట వెంటనే తెలియదు. జారుడు తగిలితే కడగండి, నొప్పి కోసం ఎదురు చూడొద్దు.

క్లోరోఫిల్ తీసే అసిటోన్ ట్యూబులు మామూలు ఇంటి ఫ్రిజ్‌లో పెట్టొద్దు. లోపల థర్మోస్టాట్ నిప్పురవ్వ చాలు, ఆవిరి అంటుకోవడానికి.

కంట్లో ఏది పడినా పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళు. గడియారం చూసి పదిహేను. తర్వాత హాస్పిటల్.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో.

- గమ్‌బూట్లతో అలల్లోకి దిగొద్దు. నీరు నిండితే కాలు లేవదు.
- అడుగు బురద తీసే గ్రాబ్ దవడలు తెరిచి ఉన్నప్పుడు మధ్యలో వేలు పెట్టొద్దు. బురద తీయడానికి కర్ర వాడండి.
- బోటులో తాడు చుట్ట లోపల కాలు ఉండకూడదు.
- ఇసుక నీళ్ళలో పాదాలు ఈడ్చుకుంటూ నడవండి. టేకు చేప (తోకలో ముల్లు ఉండేది) పక్కకు తప్పుకుంటుంది. ముల్లు గుచ్చితే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు పెట్టి హాస్పిటల్‌కి.
- శంకు ఆకారంలో అందంగా ఉన్న నత్తను చేత్తో తీయొద్దు. జేబులో అసలు వేసుకోవద్దు.
- జెల్లీచేప తగిలిన చోట ఇసుకతో రుద్దొద్దు. సముద్రపు నీళ్ళతోనే కడగండి.
- అలకు వీపు పెట్టి వంగొద్దు.
- కొట్టుకుపోయిన క్వాడ్రాట్ ఫ్రేము వెనక వెళ్ళొద్దు. పీవీసీ పైపులే అవి.
- నవంబరు చివర్లో సాయంత్రం ఐదుంపావు దాటితే వెలుగు పడిపోతుంది. సాయంత్రం ఆటు ఉంటే ఆ రోజు వద్దు.
- ఒంటరిగా వద్దు. ఇద్దరు కూడా చాలరు, ముగ్గురు.
- అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయొద్దు, ఇక్కడ నేవీ ఉంది.
- 1554 కోస్ట్ గార్డ్. 1093 మెరైన్ పోలీసు. 108, 112 మీకు తెలుసు. ఫోన్ తడిసిపోతుంది కాబట్టి క్లిప్‌బోర్డు వెనక పెన్సిల్‌తో రాసుకోండి.
- జ్వరంగా ఉంటే రావద్దు.
- రాత్రి నిద్ర లేకపోతే రావద్దు.
- "ఇంకొక్కటే" అని ఎవరన్నా, సీనియర్ అన్నా, మీ నోటే వచ్చినా, ఆ నిమిషమే షీటు మూసి పైకి నడవండి.
- పైకి వచ్చాక తలలు లెక్కపెట్టండి. ఆ తర్వాతే బ్యాగులు.