కెమెరాతో దారి చూసుకునే డ్రోన్ – 3వ పాఠం: పిక్సెళ్లను మీటర్లలోకి మార్చడం

పోయిన పాఠంలో వరుసగా వచ్చిన రెండు ఫ్రేముల్లో ఒకే బిందువును పట్టుకుని, అది ఎన్ని పిక్సెళ్లు జరిగిందో కొలిచాం. ఓపెన్‌సీవీలో (చిత్రాల లెక్కలకు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్) రెండు ఫంక్షన్లతో పని అయిపోయింది. కానీ చేతికొచ్చినవి పిక్సెళ్లే. డ్రోన్‌కి కావాల్సింది తను ఎటు, సెకనుకు ఎన్ని మీటర్ల వేగంతో పోతోందన్నది. ఆ మార్పిడి ఇవాళ చేద్దాం.

కెమెరా నిటారుగా కిందకు చూస్తోందనుకోండి. నేల మీద జరిగిన దూరం = పిక్సెళ్లు × ఎత్తు ÷ ఫోకల్ లెంగ్త్ (లెన్సు నుంచి సెన్సర్ దాకా ఉండే దూరం). ఇక్కడ ఫోకల్ లెంగ్త్‌ని మిల్లీమీటర్లలో కాదు, పిక్సెళ్లలో తీసుకోవాలి. మన కెమెరాకి అది 500 అనుకుందాం. 10 మీటర్ల ఎత్తులో ఒక్కో పిక్సెల్ నేల మీద 2 సెంటీమీటర్లు. ఫ్రేముకు 5 పిక్సెళ్లు జరిగితే 10 సెంటీమీటర్లు. సెకనుకు 30 ఫ్రేములు కాబట్టి వేగం సెకనుకు 3 మీటర్లు. అవే 5 పిక్సెళ్లు 20 మీటర్ల ఎత్తులో అయితే వేగం 6 మీటర్లు. ఎత్తు తెలియకపోతే ఏ అంకె నమ్మాలో తేలదు. అందుకే కిందకు చూసే కెమెరా పక్కన లేజర్ ఆల్టిమీటరో, సోనారో (కాంతితోనో శబ్దంతోనో ఎత్తు కొలిచే పరికరాలు) పెడతారు.

తర్వాతది వంపు. డ్రోన్ ఉన్నచోటే ఒక్క డిగ్రీ వంగినా చిత్రం దాదాపు 8.7 పిక్సెళ్లు జరుగుతుంది (500 × ట్యాన్ 1°). 10 మీటర్ల ఎత్తులో అంటే అంగుళం కదలకుండానే 17 సెంటీమీటర్లకు పైగా కదిలినట్టు లెక్క వస్తుంది. జైరోస్కోప్ (తిరుగుడును కొలిచే సెన్సర్) రీడింగును పిక్సెళ్లలోకి మార్చి తీసేస్తే సరిపోతుంది, కోడ్‌లో ఒక్క తీసివేత. కాకపోతే ప్లస్, మైనస్ తారుమారైతే తప్పు పోయే బదులు రెట్టింపవుతుంది. అందుకే ఎగరేసే ముందు చేత్తో పట్టుకుని, ఉన్నచోటే అటూ ఇటూ వంచి చూడండి. వేగం సున్నా దగ్గరే ఉండాలి.

మూడోది టైం. ఫ్రేమూ, జైరో రీడింగూ ఒకే క్షణానివి కావాలి. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నా లెక్కలో అసలు టెన్షన్ పెట్టేది ఇదే.

అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యూటీ హెలికాప్టర్ సంగతి తీసుకుందాం. అక్కడ జీపీఎస్ లేదు, దిక్సూచి పనిచేయదు. కిందకు చూసే నలుపు తెలుపు కెమెరా (640×480, సెకనుకు 30 ఫ్రేములు), లేజర్ ఆల్టిమీటర్, వేగాన్నీ తిరుగుడునూ పసిగట్టే సెన్సర్లు, అంతే. 2021 మే 22న ఆరోసారి ఎగిరినప్పుడు, 10 మీటర్ల ఎత్తులో ఉండగా 54వ సెకను ప్రాంతంలో కెమెరా నుంచి ఒకే ఒక్క ఫ్రేము రాకుండా పోయింది. పోయినందుకు నష్టం లేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఫ్రేముకీ తప్పు టైంస్టాంపు (ఎప్పుడు తీసిందో చెప్పే ముద్ర) పడింది, చిక్కంతా అక్కడే. ఫొటో ఏ క్షణానిదో తప్పుగా అనుకుని సాఫ్ట్‌వేర్ లేని తప్పును దిద్దబోయింది. ఆ దిద్దుబాటు ఇంకో తప్పుకు దారితీసింది. హెలికాప్టర్ 20 డిగ్రీలకు పైగా అటూ ఇటూ ఊగింది.

లెక్క వేసి చూడండి. సెకనుకు 60 డిగ్రీల చొప్పున వంగుతున్నప్పుడు ఒక్క ఫ్రేము ఆలస్యమంటే 2 డిగ్రీల తేడా. మన కెమెరాతో 10 మీటర్ల ఎత్తులో అది 35 సెంటీమీటర్లు!

అయినా ఇంజెన్యూటీ దిగాల్సిన చోటికి 5 మీటర్ల లోపే దిగింది. దిగేటప్పుడు చివరి దశలో కెమెరాను పక్కనపెట్టేలా ముందే రాసి ఉంచారు. నేల దగ్గర రోటర్ గాలికి దుమ్ము లేస్తుంది కాబట్టి ఆ జాగ్రత్త. ఇక్కడ కాపాడినవాటిలో అదీ ఒకటి.

ఈ మూడూ సరిగ్గా ఉన్నా నేల మీద పట్టుకోవడానికి గుర్తులుండాలి. 2024 జనవరి 18న 72వ సారి ఎగిరినప్పుడు ఇంజెన్యూటీ కింద దాదాపు ఏ గుర్తులూ లేని ఇసుక తిన్నెలు. దారి లెక్క తప్పింది, రెక్కలు దెబ్బతిన్నాయి, మళ్లీ ఎగరలేదు. మన దగ్గర సమస్య వేరు. వరి చేను మీద గుర్తులకు కొదవ లేదు, కానీ రోటర్ గాలికి చేనే ఊగుతుంది. డ్రోన్ నిలకడగా ఉన్నా కెమెరాకి పక్కకు జారుతున్నట్టే కనిపిస్తుంది. చెరువు మీదా ఇంతే.

ఇప్పుడు అభ్యాసం. డ్రోన్ అక్కర్లేదు, ఫోన్ చాలు. నేలకు సరిగ్గా మీటరు ఎత్తున ఫోన్‌ని కిందకు చూసేలా బిగించి, కింద 30 సెంటీమీటర్ల స్కేలు పెట్టి వీడియో తీయండి. ఫొటో వద్దు, చాలా ఫోన్లలో వీడియో ఫ్రేము వేరేలా కత్తిరించి ఉంటుంది. స్టెబిలైజేషన్ ఆపేయండి, లేకపోతే మనం కొలవాల్సిన కదలికను ఫోనే తుడిచేస్తుంది. ఫోకస్ లాక్ చేయండి. స్కేలు 540 పిక్సెళ్లు వచ్చిందనుకుంటే ఫోకల్ లెంగ్త్ 540 × 1 ÷ 0.3 = 1800.

తర్వాత ఫోన్‌ని అదే ఎత్తులో అర మీటరు పక్కకు జరపండి, ఒకసారి చాప మీద, ఇంకోసారి మెరిసే టైల్స్ మీద. చాప మీద లెక్క దగ్గరగా వస్తుంది. టైల్స్ మీద చాలా బిందువులు ట్యూబ్‌లైటు ప్రతిబింబాన్ని పట్టుకుంటాయి, వాటిని ఏరేయాలి.

చివరిది టైం పరీక్ష. సెన్సర్ రీడింగులు రికార్డు చేసే యాప్ నడుపుతూ వీడియో తీయండి. మొదట్లో ఫోన్‌ని ఒక్కసారి విదిలిస్తే రెండు రికార్డుల్లోనూ ఆ కుదుపు కనిపిస్తుంది, దాంతో టైం కలపొచ్చు. ఉన్నచోటే వంచుతూ ఓ నిమిషం తీసి వేగం గ్రాఫు గీయండి. ఆపైన జైరో టైంస్టాంపులన్నిటికీ 33 మిల్లీసెకన్లు కలిపి మళ్లీ గీయండి. రెండు గ్రాఫులూ దాచి ఉంచండి. ఆ ఆలస్యాన్ని కోడ్‌తోనే కనిపెట్టే పద్ధతి 4వ పాఠంలో వీటి మీదే చూస్తాం.