మద్రాసు యూనివర్సిటీలో తెలుగు పీహెచ్‌డీ: దరఖాస్తు, సినాప్సిస్

మెరీనా క్యాంపస్‌లోని తెలుగు శాఖలో గానీ, చెన్నైలోని అనుబంధ కళాశాలల్లో గుర్తింపు ఉన్న గైడ్ దగ్గర గానీ పీహెచ్‌డీ చేయాలనుకుంటే నోటిఫికేషన్ పడేదాకా ఆగవద్దు. ఆ గడువులో సర్టిఫికెట్లు సర్దుకోగలరు గానీ సినాప్సిస్ (ఏం పరిశోధిస్తారో, ఎలా చేస్తారో చెప్పే ప్రణాళిక) రాయలేరు. తేదీలు, ఫీజు ఏ ఏటికాయేడు మారతాయి, వాటిని నోటిఫికేషన్‌లోనే చూసుకోండి.

అర్హత సంగతి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, వికలాంగులు, ఈడబ్ల్యూఎస్ వారికి 5 శాతం సడలింపు ఉంది. నెట్‌లో, అంటే యూజీసీ జాతీయ అర్హత పరీక్షలో, తెలుగు సబ్జెక్టు కోడ్ 27. 2024 జూన్ నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీ ప్రవేశానికి 70 శాతం వెయిటేజీ స్కోరుకు, 30 శాతం ఇంటర్వ్యూకు ఇస్తున్నారు. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవారికి ఇంటర్వ్యూ ఒక్కటే. ఆంధ్ర, తెలంగాణ నుంచి వచ్చేవారు ఒకటి గమనించాలి: అక్కడి కుల ధ్రువపత్రం తమిళనాడు రాష్ట్ర రిజర్వేషన్‌కు సాధారణంగా పనికిరాదు, ఓసీ కిందే చూస్తారు. మార్కుల సడలింపు మీద ఆధారపడేవారు ఫీజు కట్టకముందే ఆఫీసులో అడిగి తేల్చుకోవాలి.

తర్వాత గైడ్. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మందికి మించి పరిశోధకులు ఉండకూడదు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోలేరు. అందుకే ‘మీ దగ్గర ఖాళీ ఉందా, రిటైర్‌మెంట్ ఎప్పుడు’ అని మొహమాటపడకుండా అడగండి. వెళ్లేటప్పుడు ఒక పేజీ కాగితంపై అంశం రాసుకుని వెళ్లండి. ‘మీరే ఏదైనా టాపిక్ ఇవ్వండి సార్’ అని నిలబడితే అప్పటికి దొరికిన టాపిక్కే అంటగడతారు, దాన్ని ఆరేళ్లు మోయాల్సింది మీరు.

ఎక్కువ దరఖాస్తులు దెబ్బతినేది అంశం దగ్గరే. ‘ఆధునిక తెలుగు కథ – సామాజిక స్పృహ’ లాంటి శీర్షికకు కాలమూ లేదు, హద్దూ లేదు, ప్రశ్న అసలే లేదు. చెన్నైలో ఉండి తెలుగు చదివేవారికి చేతికందే సంపద పత్రికలు. ‘భారతి’ 1924లో, ‘గృహలక్ష్మి’ 1928లో ఇక్కడే మొదలయ్యాయి. ఉదాహరణకు ‘గృహలక్ష్మి’ మొదటి పదేళ్ల కథల్లో ఆడపిల్లల చదువును కథకులు ఎలా సమర్థించారు, ఎక్కడ వెనకాడారు అన్నది అంశం అనుకుందాం. నెలకొకటి చొప్పున 120 సంచికలు, అంటే ఒక మనిషి చదవగలిగినంత. అయితే శీర్షిక ఖాయం చేసుకోకముందే ఆ సంచికలు ఎక్కడెక్కడ ఉన్నాయో నెలలవారీగా పట్టిక వేయండి. ఎగ్మోర్‌లోని కన్నెమెరా గ్రంథాలయం నుంచి మొదలుపెట్టవచ్చు. తాళపత్రాలు, రాతప్రతులు కావాలంటే కోట్టూర్‌పురంలో అణ్ణా శతజయంతి గ్రంథాలయ భవనంలో ఉన్న ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి వెళ్లాలి. కాగితం పెళుసెక్కిన సంపుటాలను జిరాక్స్‌కు ఇవ్వకపోవచ్చు. అక్కడే కూర్చుని రాసుకునే సమయం కూడా లెక్కలో వేసుకోండి. సగం సంచికలు దొరక్కపోతే కాలపరిమితి మార్చుకోవాలి, లేదా దొరికినవాటితో ప్రశ్ననే మార్చాలి. చేరాక శీర్షిక మార్చాలంటే కమిటీ అనుమతి కావాలి.

సినాప్సిస్‌కు యూనివర్సిటీ కొలత చెబితే అదే పాటించండి, చెప్పకపోతే 6 నుంచి 8 పేజీలు చాలు. పరిశోధన ప్రశ్న, పరిధి, పూర్వ పరిశోధనలు, ఆకరాలు, పద్ధతి, అధ్యాయ విభజన, ఉపయుక్త గ్రంథసూచి ఉండాలి. పూర్వ పరిశోధనలంటే పేర్ల జాబితా కాదు. సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో వెతికి, మీ అంశానికి దగ్గరగా ఉన్న సిద్ధాంత గ్రంథాలు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో రెండేసి వాక్యాల్లో చెప్పాలి. అధ్యాయ విభజనలో ‘కథ – పుట్టుపూర్వోత్తరాలు’ అని మొదటి అధ్యాయం పెట్టే అలవాటు మానుకుంటే మంచిది. దాన్ని పరీక్షకులు ఇప్పటికే చాలాసార్లు చదివి ఉంటారు.

టైపింగ్ మొదటి రోజు నుంచీ యూనికోడ్‌లోనే చేయండి. డీటీపీ సెంటర్‌లో యూనికోడ్ కాని అను ఫాంట్లతో కొట్టించిన ఫైలును సారూప్యత తనిఖీ (కాపీని పట్టే) సాఫ్ట్‌వేర్ తెలుగుగా గుర్తించదు, తర్వాత మార్పిస్తే ఒత్తులు చెదిరిపోతాయి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సారూప్యత 10 శాతం దాటితే సవరించి మళ్లీ ఇవ్వమంటారు. పాత పత్రికల ఉల్లేఖనల్లో అరసున్న, బండి ఱ ఉన్నవి ఉన్నట్టే ఉంచుతారా, నేటి రాతలోకి మారుస్తారా అన్నది మొదటే తేల్చుకుని, పద్ధతి కింద ఒక వాక్యంలో రాయండి.

కాగితాల్లో పీజీ, డిగ్రీ మార్కుల జాబితాలు, టీసీ, వేరే యూనివర్సిటీవారికి మైగ్రేషన్ సర్టిఫికెట్, ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ చేరేవారికి యాజమాన్యం ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ముఖ్యం. మైగ్రేషన్‌కు పాత యూనివర్సిటీలో వారాలు పట్టవచ్చు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటే పరిశీలనలో ఆపుతారు, ముందే సరిచేయించుకోండి.

ఇంటర్వ్యూలో ‘ఈ సంచికలు చూశారా, ఎక్కడ?’ అని అడిగే అవకాశం ఎక్కువ. నెలలవారీ పట్టిక ప్రింటు దగ్గరుంచుకోండి. సీటు వచ్చాక కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్ ఉంటుంది, అందులో 55 శాతం రావాలి. గడువు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు దొరకవచ్చు, మహిళలకు దానిపై మరో రెండేళ్ల సడలింపు ఉంది.