అవ్వాతాతలను స్నానానికి లేపే ముందు

తిరుపతిలో వృద్ధాశ్రమాల్లో పనిచేసే ఆయమ్మలారా, పొద్దున్నే ఇవి చూసుకోండి.

- మంచం మీద నుంచి ఒక్కసారిగా లేపకండి. కాళ్లు కిందికి వేలాడేసి ఒకటి రెండు నిమిషాలు కూర్చోనివ్వండి. గబుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లకు ఆ భయం ఇంకా ఎక్కువ. మన ఎండలకు నీళ్లు సరిగా తాగకపోయినా అంతే.
- బాత్‌రూమ్‌లో లైటు వేసి ఉందా? నేల మీద సబ్బు నురగ లేదు కదా?
- చేతికర్ర తిరగేసి అడుగున రబ్బరు చూడండి. అరిగి నున్నబడితే టైల్స్ మీద జారుతుంది, వెంటనే మార్చండి.
- చీర కుచ్చెళ్లు, పంచె అంచు పాదాలకు తగలకుండా పైకి దోపండి.
- కళ్లజోడు పెట్టుకున్నారా?

“కొండ నడిచి ఎక్కినదాన్ని, నాకేం” అనే అవ్వకు మరీ దగ్గరగా నిలబడండి. ఒకవేళ పడితే చెయ్యి పట్టి లాగకండి, ముందు నొప్పి ఎక్కడో అడగండి.